టేపు తీయని రోజు

ఆ అమ్మాయి మా మనవడితో అన్న మొట్టమొదటి మాట, "కాస్త పక్కకు జరుగుతారా? మీ నీడ నా కాగితం మీద పడుతోంది" అని.

మా వాడు జరిగితే కదా! "ఎండ కూడా మీ కంపెనీదేనా మేడమ్?" అన్నాడు.

అలా మొదలైంది. ఆ రోజు వాడు నోరు మూసుకుని పక్కకు జరిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. నోరు విప్పాల్సిన రోజున విప్పి ఉంటే ఇంకా బాగుండేది. రెండూ తలకిందులయ్యాయి.

అసలు సంగతి ఇదీ. మా వీధి చివర ఒక టైలరమ్మ ఉండేది. ముప్ఫై ఏళ్ళు అద్దె గదిలో మిషను తొక్కి తొక్కి, ఆఖరికి ఒక చిన్న స్థలం కొనుక్కుంది. గది ఓనరేమో వానలు గట్టిగా పట్టుకునేలోపల ఖాళీ చెయ్యమన్నాడు. ఇల్లు కావాలి, అదీ తొందరగా కావాలి. బట్ట కొనేముందు రెండు షాపులు తిరిగే మనిషి ఆవిడ. అందుకే ఒకే రోజున, ఒకే వేళకు, ఇద్దరిని ఆ ఖాళీ స్థలంలోకి పిలిచింది.

ఒకడు మా మనవడు, తాపీ మేస్త్రీ. వాళ్ళ తాత, వాళ్ళ నాన్న, ఆ తర్వాత వీడు. ముగ్గురికీ కింద నిలబడి ఇటుకలు అందించింది నేనే.

రెండోవాళ్ళు, ఊరి బయట పెద్ద షెడ్డులో ఇళ్ళు తయారు చేసే కంపెనీవాళ్ళు. గోడలు, కిటికీలు, కరెంటు తీగలతో సహా ఇల్లంతా అక్కడే చేసేసి, రెండు ముక్కలుగా లారీల మీద తెచ్చి, క్రేనుతో దింపి మధ్యలో అతికేస్తారు. వాళ్ళ తరఫున ఈ అమ్మాయి వచ్చింది. చెవి మీద పెన్సిలు, నడుముకు టేపు. నిద్రలో కూడా ఆ టేపు తీయదేమో అని మా కూలీలు నవ్వుకుని, 'టేపమ్మాయి' అని పేరు పెట్టేశారు.

ఆ పిల్ల ఊరుకుంటుందా? మా వాడికీ ఒక పేరు పెట్టింది. అది ఆ మొదటి రోజునే పుట్టింది.

"ఎన్నాళ్ళు పడుతుంది మేస్త్రీ?" అని అడిగింది టైలరమ్మ.

"పునాది తవ్వి, కట్టి, ఆరనివ్వాలి. బేస్‌మెంటు లేపి, మట్టి నింపి, ఆరనివ్వాలి. గోడలు లేపి..."

"ఆరనివ్వాలి" అని అందుకుంది అమ్మాయి.

"స్లాబు వేసి..."

"ఆరనివ్వాలి! ఆంటీ, ఈయన ఇల్లు కడతారో బట్టలుతుకుతారో నాకు అర్థం కావట్లేదు."

టైలరమ్మ పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మా వాడు నా వైపు ఎలా చూశాడంటే, సొంత నానమ్మ శత్రువుల్లో చేరిపోయినట్టు చూశాడు. ఆ రోజు నుంచి వాడు 'ఆరనివ్వండిగారు' అయ్యాడు.

"పది నెలలు పడుతుంది" అన్నాడు మొహం గంటు పెట్టుకుని.

"మాది ఏడు వారాలు. షెడ్డులో కడతాం కనక వానొచ్చినా పని ఆగదు. ఇవాళ కూలీలు రాలేదు, రేపు ఇసుక రాలేదు అన్న మాటే ఉండదు."

"అవునవును. అగ్గిపెట్టెలు కూడా షెడ్డులోనే చేస్తారు."

"అగ్గిపెట్టె కాదండీ. మా గోడ లోపల దూదిలాంటి పొర ఉంటుంది, వేడి రానివ్వదు. మీ ఇటుక గోడ పగలంతా ఎండ తాగి, సాయంత్రం మనిషి కాస్త నడుం వాల్చుదామనుకునే వేళకు ఇంట్లోకి కక్కుతుంది."

"గోడకు మేకు కొడితే అవతలి గదిలోకి వస్తుందటగా?"

"చోటు చూసి కొట్టాలి. లోపల మేకు పట్టే దిమ్మెలు ఎక్కడున్నాయో కాగితం మీద గీసి ఇస్తాం. మీ గోడకు మేకు కొడితే గుప్పెడు ప్లాస్టరింగ్ రాలి కంట్లో పడుతుంది. అది చెప్పరేం?"

"సరే. రేపు ఈవిడకు పైన ఇంకో గది కావాలనిపిస్తుంది. నేను కట్టిన ఇల్లయితే పైన లేపుకోవచ్చు. మీ డబ్బా మీద ఏం లేపుతారు? జెండానా?"

అమ్మాయి కాగితాలు చుట్టింది. టైలరమ్మ వైపు తిరిగింది.

"ఆయన చెప్పింది నిజమే ఆంటీ. మా ఇంటి మీద మేడ కట్టడానికి కుదరదు. పక్కన ఇంకో ముక్క కలుపుకోవచ్చు గానీ, అదీ ముందే అనుకుని చెప్పాలి. అబద్ధం చెప్పి అంటగట్టలేను."

మా వాడి మొహంలో వెటకారం ఎటు పోయిందో పోయింది. కాసేపు కాలితో మట్టి కెలికాడు.

"నేను పది నెలలన్నాను గానీ, వానలు పడితే పన్నెండు కూడా పట్టవచ్చండీ" అన్నాడు.

అప్పుడు ఆ పిల్ల మొదటిసారి తలెత్తి వాడిని సరిగ్గా చూసింది. బేరానికి వచ్చిన ఇద్దరూ ఎదుటివాళ్ళ సరుకే మంచిదన్నట్టు మాట్లాడితే టైలరమ్మ ఏం చేస్తుంది పాపం! బుర్ర గోక్కుని, "ఇల్లు నీది అమ్మాయీ, పునాది నీది మేస్త్రీ. ఇద్దరూ కలిసి పూర్తి చెయ్యండి" అని తేల్చేసింది.

కంపెనీ ఇంటికి అడుగున కట్టుబడి ఉండాలి. నాలుగు వైపులా నడుమెత్తు గోడ, మధ్యలో ఒక అడ్డ గోడ. ఇంటి అంచులు దాని మీద కూర్చోవాలి. అది కట్టడం మా వాడి పని. అది సరిగ్గా ఉందో లేదో కొలిచి, ఒక కాగితం మీద సంతకం పెట్టడం ఆ అమ్మాయి పని. ఆ సంతకం చేరితేనే షెడ్డులోంచి లారీలు కదులుతాయి. అది వాళ్ళ రూలు.

"అంగుళం తేడా వచ్చినా మా ఇల్లు కూర్చోదు మేస్త్రీగారూ" అంది ఆ అమ్మాయి, కొలతల కాగితం వాడి చేతికిస్తూ.

"మా తాత జానలతో కొలిచేవాడు. ఇప్పటికి ఒక్క ఇల్లు కూడా కూలలేదు."

"కూలకపోవడం వేరు, కూర్చోవడం వేరు."

"ఇంతకీ మీ ఇంటికి కూర్చునే బుద్ధి ఉందా? లారీల మీద తిరగడం మరిగింది."

ఇలాగే, పొద్దస్తమానం ఇదే గోల. ఆ పిల్ల రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చినప్పుడల్లా ముందు టేపు తీసేది, తర్వాత నాలుక తీసేది. నేను అక్కడే రేకుల కింద టీ కాచేదాన్ని. రెండో వారానికల్లా ఆ పిల్ల టీలో పంచదార ఎంత వెయ్యాలో నాకు తెలిసిపోయింది. నాలుగో వారానికి మా వాడికీ తెలిసిపోయింది. ఆ పిల్ల రాని రోజున వాడు ఇటుక మీద ఇటుక పెట్టి, దానివంక చూస్తూ కూర్చునేవాడు.

"ఏరా, ఆ ఇటుక ఏమైనా చెప్తోందా?" అంటే, "మట్టం చూస్తున్నా నానమ్మా" అనేవాడు. మట్టం చూడ్డానికి పెదవుల మీద నవ్వెందుకు?

ఒకసారి మమ్మల్నిద్దరినీ షెడ్డుకు తీసుకెళ్ళింది. నాకు మతి పోయింది. కింద నేల లేకుండా ఇళ్ళు! ఒకదానికి గోడలు నిలబెడుతున్నారు, ఒకదానికి రంగులు వేస్తున్నారు, ఒకదానికి ఏకంగా కిటికీ తెరలు కూడా వేలాడుతున్నాయి. టైలరమ్మ ఇల్లు మధ్యకు చీలి, రెండు ముక్కలుగా పొట్ట తెరుచుకుని ఉంది. మా వాడు వేళ్ళతో గోడ మీద కొట్టి చూశాడు. మూలలు చూశాడు. తలుపు వేసి తీశాడు. వెక్కిరిస్తాడేమో అని ఆ పిల్ల చేతులు కట్టుకుని సిద్ధంగా నిలబడింది.

"మూల బాగా కుదిరింది" అన్నాడు వాడు.

"నిజంగానా?"

"నా చేత్తో నేను ఇంత తిన్నగా తేలేను."

ఆ పిల్ల మొహం విచ్చుకున్న తీరు నేను చూశాను. కాసేపటికి మెల్లగా, "ఇక్కడ చేసేవాళ్ళకు ఆ ఇంట్లో ఎవరుంటారో తెలియదు. అదొక్కటే నాకు బాధగా ఉంటుంది. మీకయితే తెలుస్తుంది కదా" అంది.

"తెలిసి ఏం లాభం మేడమ్? వాళ్ళు సామాను దించుకునే వేళకు నేను ఇంకో చోట గుంటలు తవ్వుతుంటాను. ఎవరూ లోపలికి రమ్మని పిలవరు."

"నేనయితే పిలుస్తాను" అంది. అని, చటుక్కున అటు తిరిగి ఎవరినో రంగు డబ్బా గురించి కేకలేసింది.

ఇంటికొచ్చాక అడిగాను. "అడిగెయ్యరాదూ ఆ పిల్లని? నాకు నచ్చింది. నాకు నచ్చితే మీ అమ్మానాన్నలకు నచ్చినట్టే."

"ఇల్లు కూర్చున్న రోజున అడుగుతాను నానమ్మా."

"ఇప్పుడడిగితే ఏం?"

"తొందరపడకూడదు. కాస్త ఆరనివ్వాలి."

నెత్తి కొట్టుకున్నాను.

కట్టుబడి పూర్తయింది. ఆరింది కూడా. కొలత తీసే రోజు వచ్చింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే వాన. మామూలు వానా అది? ఎదురుగా ఉన్న మనిషి కనబడడు. వాళ్ళిద్దరూ సిమెంటు బస్తాల మీద కప్పిన పట్టా కింద దూరారు. నేను పక్కనే రేకుల కింద ఉన్నాను. టీ గిన్నెలోకి చినుకులు పడుతున్నాయి. మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి, నేను విననట్టు నటిస్తున్నాను.

"ఇవాళ కొలవాలి. సాయంత్రం లోపల సంతకం పంపితేనే రేపు లారీలు బయలుదేరతాయి. ఆంటీ రేపే గది ఖాళీ చేస్తున్నారు."

"ఈ వానలో టేపు ఎలా పట్టుకుంటావు? జలుబు చేస్తుంది." మీరు కాస్తా నువ్వు అయ్యి అప్పటికి పది రోజులు.

"చేస్తే చేసింది. అటు చివర నువ్వు పట్టుకో."

"నాలుగుసార్లు కొలిచాను తల్లీ! నీ కాగితంలో ఉన్న అంకెలే. ముప్ఫై ఆరు పొడుగు, ఇరవై నాలుగు వెడల్పు. మూల నుంచి మూలకు కూడా చూశాను."

"నేను కొలవాలి. రూలు."

"నా మీద నమ్మకం లేదా?"

నేను తల తిప్పకుండా కంటి కొసతో చూశాను. చేతిలోకి తీసిన టేపును ఆ పిల్ల మళ్ళీ నడుముకు తగిలించుకుంది. మోకాలి మీద కాగితం పెట్టుకుంది.

"ఉంది" అంది. సంతకం పెట్టింది.

ఎంత మంచి వాన అనుకున్నాను నేను! ఇద్దరికీ చెరో గ్లాసు టీ ఇచ్చి, చల్లారిపోయిందని వాళ్ళు అంటారేమో అని చూశాను. ఒక్కరూ అనలేదు. అసలు తాగుతున్నది టీ అన్న సంగతి వాళ్ళకు తెలిస్తే కదా.

మర్నాడు వీధి వీధంతా అక్కడే. లారీ మీద సగం ఇల్లు వస్తుంటే పిల్లలు కేకలు. తెరిచి ఉన్న వైపు ప్లాస్టిక్ పట్టా కట్టారు. టైలరమ్మ తన సామానంతా తోపుడుబండి మీద వేయించుకుని, మిషను మీద చెయ్యి వేసి నిలబడింది. మా వాడు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎందుకో నాకు తెలుసు.

క్రేను ఆ సగం ఇంటిని గాల్లోకి లేపింది. మెల్లగా దింపుతోంది. కిందనుంచి ఒకతను చెయ్యి ఊపుతున్నాడు. రా, రా, రా... ఉన్నట్టుండి "ఆపు!" అని అరిచాడు.

ఇల్లు గోడ మీద కూర్చోవడం లేదు. గోడల మధ్యలోకి దిగుతోంది, పెట్టెలోకి చిన్న పెట్టె దిగినట్టు.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. మా పనిలో ఎవరైనా గది పది బై పన్నెండు అన్నారంటే అది లోపలి కొలత. మంచం వేసుకునేది లోపలే కదా! గోడ మందం దానికి బయట. మా ఆయన అలాగే చదివాడు, మా అబ్బాయి అలాగే చదివాడు, వీడూ అలాగే చదివాడు. కంపెనీ కాగితంలో అంకె బయటి అంచు నుంచి బయటి అంచుకు. వీడు నాలుగుసార్లు కొలిచింది నిజమే. నాలుగుసార్లూ లోపలే కొలిచాడు. గోడలు నాలుగు వైపులా తొమ్మిదేసి అంగుళాలు అవతల నిలబడ్డాయి. టేపు ఒక్కసారి బయట వేసి ఉంటే ఆ పిల్లకు ఇట్టే తెలిసిపోయేది.

ఇప్పుడు వేసింది. రెండు నిమిషాలు పట్టలేదు. తలెత్తి మా వాడి వైపు చూసింది. తిట్టే చూపు కాదు. అడిగే చూపు.

తుంపర పడుతోంది. కంపెనీ మేనేజరు గొడుగు కింద నుంచి రంకెలు వేస్తున్నాడు. "ఎవరు కొలిచింది దీన్ని? సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"కొలిచి పెట్టావా, కొలవకుండా పెట్టావా?"

"కొలవలేదు సార్. పొరపాటు నాదే."

మా వాడు ఒక అడుగు ముందుకు వేశాడు. నోరు తెరిచాడు. నేను వాడి మోచెయ్యి పట్టుకున్నాను.

"ఊరుకో" అన్నాను చిన్నగా. "ఇది నీ మొదటి పెద్ద పని. వీధంతా చూస్తోంది. నీ పేరు పోతే ఇంక నిన్నెవరు పిలుస్తారురా? కంపెనీవాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. ఆ పిల్లని ఏం చేస్తారు? నాలుగు కేకలేసి వదిలేస్తారు."

వాడు ఆగిపోయాడు.

"పునాది కట్టేవాడికి కాగితం సరిగ్గా వివరించావా?" మేనేజరు మళ్ళీ అడిగాడు.

"వివరించలేదేమో సార్" అంది ఆ పిల్ల. అదీ తన నెత్తినే వేసుకుంది.

వాన జోరందుకుంది. సగం ఇంటిని మళ్ళీ లారీ మీదికి ఎక్కించారు. గాలికి ప్లాస్టిక్ పట్టా చిరిగి, లోపలికి నీళ్ళు కొట్టి, కొత్త గోడల పలకలు ఉబ్బిపోయాయి. టైలరమ్మ సామాను మా ఇంట్లో దింపించాను. ఆవిడ మిషను తుడుస్తూ కూర్చుంది. ఆ పిల్ల కంపెనీ బండి ఎక్కి వెళ్ళిపోయింది. ఇటు తిరగలేదు.

మా వాడు ఆ కట్టుబడినంతా తన చేతులతోనే విప్పి, మళ్ళీ కట్టాడు. పదకొండు రోజులు. ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. తిండి కూడా సరిగ్గా లేదు. పాడైన పలకలు మార్చిన ఇల్లు వచ్చి దాని మీద చక్కగా కూర్చుంది. ఆ సాయంత్రమే వాడు స్నానం చేసి షెడ్డుకు వెళ్ళాడు, మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పడానికి.

"ఆ అమ్మాయిని పనిలోంచి తీసేసి పది రోజులైంది" అన్నాడట మేనేజరు. "ఆ రోజు నా ఎదురుగానే నిలబడి ఉన్నావుగా? అప్పుడు చెప్పాల్సిన మాట ఇప్పుడు తెచ్చి నన్నేం చేసుకోమంటావు?"

అయినా ఆ పిల్ల ఉండే ఇంటి చిరునామా అడిగి తెచ్చుకున్నాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"వెళ్ళరా" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను నానమ్మా? కోపం మీద ఉంటుంది. కాస్త ఆరనివ్వు."

ఆ కాస్త మూడేళ్ళయింది.

ఈ మూడేళ్ళలో వాడు ఏడు ఇళ్ళు కట్టాడు. మేస్త్రీగా మంచి పేరే వచ్చింది. నేను కాపాడిన పేరు కదా అది, ఎవరైనా మెచ్చుకుంటే నేను మాట మార్చేసేదాన్ని. వచ్చిన సంబంధమల్లా వద్దన్నాడు. టైలరమ్మ ఇల్లు కూడా నిక్షేపంలా ఉంది. చలికి వెచ్చగా, ఎండకు చల్లగా ఉంటుందని ఆవిడ అందరికీ చెప్తుంది. ఇటుక ఇల్లు గొప్పదా, షెడ్డు ఇల్లు గొప్పదా అని వాళ్ళిద్దరూ అంత కొట్టుకున్నారా, రెండిట్లో ఏదీ పడిపోలేదు. మా వాడు మాత్రం ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్తాడు.

మొన్న టైలరమ్మ నన్ను పిలిచింది. "మామ్మా, నీకు చెప్పాలో వద్దో తెలియలేదు. ఆ అమ్మాయి వచ్చింది, బట్టలు కుట్టించుకోవడానికి. పెళ్ళి బట్టలు."

ఇంక నేను ఆగలేదు. ఎక్కడ పని చేస్తోందో కనుక్కుని మర్నాడే బస్సెక్కాను. కిటికీ తెరలు అమ్మే షాపు. ఇళ్ళకు వెళ్ళి కిటికీల కొలతలు తెచ్చే పని దానిది. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ వేసింది. కొంచెం చిక్కింది. నవ్వు మాత్రం అదే.

"మామ్మగారూ! మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"మోకాళ్ళ సంగతి తర్వాత తల్లీ. నీ దగ్గర ఒక మాట ఒప్పుకోవాలని వచ్చాను. ఆ రోజు వాడు మాట్లాడబోయాడు. ఆపింది నేను. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది నేను. నీ ఉద్యోగం పోగొట్టింది వాడు కాదు, ఈ ముసల్ది. తిట్టాలంటే నన్ను తిట్టు. వాడిని..."

"నేను చూశాను మామ్మగారూ."

"ఏం చూశావు?"

"మీరు అతని మోచెయ్యి పట్టుకోవడం చూశాను." చేతిలో ఉన్న తెర గుడ్డను మడత పెడుతూ, నెమ్మదిగా చెప్పింది. "తర్వాత గాలికి మీ గొడుగు తిరగబడింది. మీరు అతన్ని వదిలేసి రెండు చేతులతో గొడుగు పట్టుకున్నారు. ఆ తర్వాత కూడా సార్ నన్ను చాలాసేపు తిట్టారు. మీరు గొడుగు సరి చేసుకుంటూనే ఉన్నారు. అప్పుడు అతన్ని ఎవరూ పట్టుకోలేదు."

నాకు గుర్తులేదు. కాసేపటికి గుర్తొచ్చింది. గొడుగు ఊచ ఒకటి విరిగింది, వేలికి గుచ్చుకుంది కూడా.

"వానలో తడిసిన పలకల మీద నాకు కోపం లేదండీ. ఉద్యోగం మీద కూడా లేదు, కొలవకుండా సంతకం పెట్టింది నేనే కదా. పక్కన వచ్చి నిలబడతాడేమో అనుకున్నాను. ఏమీ మాట్లాడకపోయినా సరే, ఊరికే నిలబడితే చాలనుకున్నాను. ఆ తర్వాత ఒక ఏడాది చూశాను. గేటు చప్పుడైతే కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. పాలవాడు, పేపరువాడు, కరెంటు మీటరు చూసేవాడు." నవ్వింది. "మీటరతనికి అనుమానం కూడా వచ్చింది, ఈ అమ్మాయి తననే చూస్తోందని."

నేను నవ్వలేకపోయాను. "చేసుకోబోయే అబ్బాయి..."

"మంచివాడు మామ్మగారూ. బడిలో లెక్కలు చెప్తాడు. నాకు ఇష్టమయ్యే ఒప్పుకున్నాను."

అంటే ఇంక అడగడానికేమీ లేదు. తల నిమిరి, సుఖంగా ఉండమని చెప్పి వచ్చేశాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. బస్సులో మాత్రం కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. పక్క సీటు ఆవిడ కంట్లో నలక పడిందా అని ఊదబోయింది.

తిన్నగా మా వాడు పని చేసే చోటికి వెళ్ళాను. పరంజా మీద నిలబడి గోడ కడుతున్నాడు. అప్పుడే కలిపిన సిమెంటు మాలు తట్ట నిండా ఉంది. కిందనుంచే అంతా చెప్పాను. పెళ్ళి సంగతీ, ఏడాది సంగతీ, గొడుగు సంగతీ. దాచలేదు. వాడు ఇటుక చేతిలో పట్టుకుని విన్నాడు. అయిపోయాక ఇటుక పక్కన పెట్టి దిగాడు. తొట్టిలో చేతులు కడుక్కున్నాడు.

"ఎక్కడికిరా?"

"వెళ్ళి చెప్పి వస్తాను."

"పెళ్ళి కుదిరిందిరా దానికి!"

"అందుకే నానమ్మా. ఇప్పుడు చెప్తే ఏదో అడగడానికి వచ్చానని అనుకోదు."

మాలు గట్టిపడిపోతుంది, రేపు పొద్దున వెళ్ళవచ్చు కదా అని నోటిదాకా వచ్చింది. ఈసారి మింగేశాను. వాడు చొక్కా మార్చుకోకుండానే వెళ్ళిపోయాడు.

సాయంత్రం అయ్యేసరికి తిరిగొచ్చాడు. గడప దగ్గరే కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూలబడ్డాను.

"చెప్పావా?"

"చెప్పాను. కొలత తప్పింది నేను, నమ్మమని కొలవనివ్వనిది నేను, భయపడి మాట్లాడనిది నేను అని."

"ఏమంది?"

"'ఇంత చిన్న మాటా?' అంది. 'మూడేళ్ళు దాచింది ఇంత చిన్న మాటా?' అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను."

"పెళ్ళికి రమ్మందా?"

"లేదు. అదే మంచిది."

"తప్పంతా నాదేరా. ఆ రోజు నేను నీ చెయ్యి పట్టుకోకపోతే..." అని మొదలుపెట్టాను. మూడేళ్ళుగా వాడి ఎదుట అదే ఏడుపు ఏడుస్తున్నాను, అలవాటైపోయింది.

"నువ్వు వదిలేశావు నానమ్మా. నాకూ గుర్తే."

"మరి నేను ఇన్నాళ్ళూ నావల్లే నావల్లే అని ఏడుస్తుంటే ఒక్కనాడయినా చెప్పలేదేంరా?"

వాడు గోళ్ళలో ఎండిపోయిన సిమెంటు గిల్లుకున్నాడు.

"నీ వెనకాల దాక్కోవడానికి వీలుగా ఉండింది" అన్నాడు.

లాగి ఒక్కటి ఇవ్వాలనిపించింది. ఒళ్ళోకి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. వాడు నా మనవడే అయినా, ఈ బాధ వాడిది. ఇందులో నేను మళ్ళీ చెయ్యి పెట్టకూడదు.

లేచి లోపలికి వెళ్ళి కంచం పెట్టాను. వాడు వచ్చేదాకా పిలవకుండా కూర్చున్నాను.